ప్రాచీన మాయా జనుల వర్తకము: వ్రాతలు చెప్పనిది, వస్తువులు చెప్పినది

నేటి మెక్సికో దేశపు దక్షిణ భాగము, గ్వాటెమాలా, బెలీజ్, హోండురాస్, ఎల్ సాల్వడార్ దేశములు కలియు ప్రదేశమున క్రీస్తుశకము మొదటి సహస్రాబ్దిలో వర్ధిల్లిన మాయా నాగరికత భాషావేత్తల దృష్టిని ఆకర్షించుటకు ముఖ్య కారణము దాని లిపి. కొలంబస్ రాకకు ముందు అమెరికా ఖండములలో నోటి పలుకును పలికినట్లు వ్రాయగల లిపులు మిక్కిలి తక్కువ. వానిలో మాయా లిపి సంపూర్ణమైనది. శిలాస్తంభములపై, ద్వారముల పైకమ్ములపై, మెట్లపై, మట్టిపాత్రలపై చెక్కినవి, వ్రాసినవి వేలకొలదిగా దొరికినవి. ఇన్ని వ్రాతలలో ఒక వర్తకుని దానశాసనము గాని, ఒక సంత సుంకముల పట్టిక గాని, ఒక క్రయపత్రము గాని కానరాదు. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లిలో సముద్రవర్తకులకు అభయమిచ్చి, సరకుల వారీగా సుంకములు నిర్ణయించి వేయించిన శాసనము వంటిది మాయా రాజు లెవ్వరును వేయించినట్లు లేదు. శాసనములను ఆధారముగా గొని చరిత్ర వ్రాయుటకు అలవాటుపడిన మనవంటి వారికి ఈ మౌనము ఒక పరీక్ష. వ్రాయబడనిది లేనిదే యని చెప్పవచ్చునా?

విషయములోనికి పోవుటకు ముందు పేరును గూర్చి ఒక మాట. 'మాయా' అనునది యుకటాన్ ద్వీపకల్పపు జనులకు, వారి భాషకు అచట వాడుకలో నుండిన పేరు. మన వేదాంతుల మాయతో గాని, శిల్పియైన మయునితో గాని దీనికెట్టి సంబంధమును లేదు. ధ్వనిసామ్యమును పట్టుకొని మయాసురుని సముద్రములు దాటించినవారు మన దేశమున లేకపోలేదు. భాషాశాస్త్రము చదివినవారు ఆ నౌక ఎక్కరాదు. మాయా అనునది ఒక భాష పేరు మాత్రమే కాదు, సుమారు ముప్పది భాషల కుటుంబమునకు పేరు. యుకటెక్, కిచే, త్సోత్సిల్, చోర్తి మొదలగు ఆ భాషలను నేటికిని లక్షలకొలది జనులు మాటలాడుచున్నారు. ప్రాచీన శాసనముల భాష ప్రధానముగా ఈ కుటుంబములోని చోల్ శాఖకు చెందినది.

ఇరువదవ శతాబ్ది నడుమ వరకు ఈ శాసనములలో నున్నది పంచాంగ గణితమును, గ్రహచారమును, కాలోపాసనమును మాత్రమే యని పెద్దలు తలంచిరి. 1952లో సోవియట్ పండితుడు యూరీ క్నోరొజొవ్ ఈ లిపిలో పదమును సూచించు గుర్తులతో పాటు హల్లును అచ్చును కలిసిన అక్షరసంకేతములు కలవని చూపెను. సింధులిపిలోని భాష ద్రావిడ కుటుంబమునకు చేరినదని 1960 తరువాత అభిప్రాయపడిన సోవియట్ బృందమునకును ఈయనయే ముఖ్యుడు. కనుక ఈయన పేరు మనకు కొత్తది కాదు. 1960లో తాతియానా ప్రొస్కురియకొఫ్ అను విదుషి పియెద్రాస్ నెగ్రాస్ నగర స్తంభములపై నున్న తేదీలు రాజుల జనన, పట్టాభిషేకాది ఘట్టములని నిరూపించెను. అటుపిమ్మట శాసనములు ఒకటొకటిగా నోరు విప్పినవి. పుట్టుకలు, పట్టాభిషేకములు, యుద్ధములు, బందీలు, వివాహములు, దేవతార్చనలు బయటపడినవి. వర్తకము మాత్రము బయటపడలేదు.

అందుచేత కొందరు పండితులొక సిద్ధాంతము చేసిరి. మాయా పల్లపు నేలలన్నియు ఒకే తీరు అడవి. అంతటను మొక్కజొన్నయే పంట. ఎవరికి కావలసినది వారే పండించుకొందురు. అట్టిచోట సంతలతో పని యేమి? రాజులు పచ్చరాళ్ళను, ఈకలను, రంగుపాత్రలను ఒకరికొకరు కానుకలుగా పంపుకొనుటయు, ప్రజలు కప్పము కట్టుటయు, అందు కొంత రాజు తిరిగి పంచుటయు తప్ప అంతకు మించిన వాణిజ్యము లేదని వారి తీర్పు. తర్కమునకిది చక్కగనే యున్నది. దీనికి ఎదురు నిలిచిన మొదటి సాక్షి ఒక దోనె.

1502లో కొలంబస్ తన నాలుగవ యాత్రలో హోండురాస్ తీరమున కెదురుగా నున్న గ్వానాహా దీవిని చేరినపుడు ఒక పెద్ద దోనె వారికి ఎదురుపడెను. బాలుడుగా ఆ యాత్రలో నుండిన ఆయన కుమారుడు ఫెర్డినాండు తరువాత తండ్రి చరిత్రలో దానిని వర్ణించెను. దోనె ఒకే మానును తొలిచి చేసినది. వెడల్పు ఎనిమిది అడుగులు. తెడ్లు వేయువారు ఇరువదియైదుగురు. నడుమ తాటియాకు జాతి చాపలతో కట్టిన పందిరి. ఎండవానలు సోకకుండ దాని క్రింద స్త్రీలు, పిల్లలు, సరకులు. అందులోని సరకుల జాబితా చదివినచో ఒక అంగడిని చూచినట్లే యుండును: రంగుల అద్దకము గల నూలుబట్టలు, చేతులు లేని చొక్కాలు, అంచులకు రాతిపలుకులు అతికించిన కొయ్యకత్తులు, రాగి గొడ్డళ్ళు, రాగి మువ్వలు, లోహము కరిగించు మూసలు, మొక్కజొన్నతో చేసిన మద్యము. వీటితో పాటు యూరపువారు బాదములని భ్రమపడిన కొన్ని గింజలు. దోనెలోని వారిని ఓడ మీదికి ఎక్కించునపుడు ఆ గింజలు కొన్ని క్రింద పడగా, తాము బందీలమను భయమును సైతము మరచి, కన్నే రాలిపడినట్లు వారందరును వంగి యేరుకొనిరట. అవి కోకో గింజలు. ఆ ప్రాంతమున అవి పానీయమునకు దినుసు, అంగడిలో నాణెము కూడ. ఆ దోనె మాయా వర్తకులదే యని పెక్కురి అభిప్రాయము.

రెండవ సాక్షి యుకటాన్‌లో క్రైస్తవ మతాచార్యుడుగా నుండిన దియెగో దె లాండా. 1562లో మాని అను ఊర మాయా గ్రంథములను ప్రోగుచేయించి కాల్పించినవాడును, 1566 ప్రాంతమున ఆ జనుల ఆచారములను శ్రద్ధగా వ్రాసి యుంచినవాడును ఈయనయే. కాల్చిన చేతనే వ్రాసిన ఈ విపరీతము వలన మనకు నష్టమును లాభమును రెండును కలిగినవి. నష్టమే మిక్కిలి పెద్దది. యుకటాన్ జనులకు అన్ని వృత్తులలోను వర్తకముపై మక్కువ ఎక్కువయనియు, వారు ఉప్పు, బట్టలు, బానిసలను ఉలువా నదీప్రాంతమునకును తబాస్కోకును కొనిపోయి కోకోగింజలకును రాతిపూసలకును మార్చుకొందురనియు, ఒకరికొకరు అరువిచ్చుకొని వడ్డీ లేకయే మర్యాదగా తీర్చుకొందురనియు ఆయన వ్రాసెను. ప్రయాణపు వర్తకులు రాత్రి బస చేసినచోట మూడు రాళ్ళు నిలిపి, వానిపై ధూపము వేసి, క్షేమముగా ఇల్లు చేర్చుమని ఎక్ చువా అను దేవుని ప్రార్థింతురట. మిగిలిన మాయా గ్రంథములలో నల్లని దేహముతో కనబడు దేవుడు ఈయనయే యని విద్వాంసులు గుర్తించిరి.

వర్తకము హీనవృత్తి కాదనుటకు లాండా చెప్పిన మరియొక సంగతి చాలును. పదునైదవ శతాబ్ది నడుమ మాయాపాన్ నగరమున తిరుగుబాటు రేగి, ఏలుచుండిన కోకోమ్ వంశీయులను ప్రత్యర్థులు హతమార్చినపుడు, ఒక్క కుమారుడు మాత్రము బ్రతికెను. అతడు ఆ సమయమున ఉలువా ప్రాంతమునకు వర్తకమునకై పోయి యుండెను. రాజకుమారుడే బేహారము చేయుచుండెనన్న మాట. 1524-25లో కోర్టెస్ అడవులగుండ హోండురాస్ వైపు నడచినపుడు అకలాన్ దేశమున విన్నదియు దీనికి తోడగుచున్నది. అచట ధనికుడైన వర్తకునే ప్రభువుగా చేసికొందురని ఆయనకు తోచెను. ఆ ప్రభువు సోదరుడు దూరమున నున్న నీతో అను రేవుపట్టణమున ఒక పేటనంతయు తన వారితో నింపి వర్తకము నడుపుచుండెను.

కాని ఈ సాక్షులందరును పదునారవ శతాబ్దివారు. శాసనములు వేయించిన మహానగరములు, అనగా తికాల్, పాలెంకే, కోపాన్ వంటివి, క్రీ.శ. 250 నుండి 900 వరకు వర్ధిల్లి, కొలంబస్ పుట్టుటకు ఐదువందల ఏండ్ల ముందే పాడుపడినవి. లాండా చూచిన సంతను తికాల్ రాజవీథిలో పెట్టుట న్యాయము కాదు. ఆ కాలమునకు ఆ కాలపు సాక్ష్యమే కావలెను.

ఆ సాక్ష్యము మొదట రాళ్ళలో దొరికెను. మాయా జనులకు ఇనుము లేదు. కత్తికి, మంగలి పనికి, వంటకు, నెత్తురు చిందించు పూజలకు వారు వాడినది అబ్సిడియను అను నల్లని గాజురాయి. అగ్నిపర్వతముల నుండి పుట్టు ఈ రాయి పల్లపు అడవులలో ఎచటను లేదు. గ్వాటెమాలా మెరకలలో ఎల్ చాయల్, ఇష్తెపెకె మొదలగు కొలది చోట్లనే కలదు. ఒక్కొక్క కొండ రాతిలోను స్వల్పముగా కలిసియుండు మూలద్రవ్యముల పాళ్ళు వేరు. కనుక నూరామడల దూరమున దొరికిన చిన్న పలుకును పరీక్షించియు అది ఏ కొండదో చెప్పవచ్చును. 1970 ప్రాంతము నుండి జరిగిన ఈ పరీక్షల వలన కొండల నుండి నదుల వెంటను, సముద్రతీరము వెంటను ఈ రాయి నడచిన దారులు తెలిసినవి. ఇది రాజుల కోటలకే పరిమితము కాలేదు. సామాన్యుల ఇండ్ల పెంటకుప్పలలోను ఈ పలుకులు దొరకుచున్నవి. జేడ్ అను పచ్చరాయి సంగతి వేరు. మొతాగువా నదీలోయలో మాత్రమే దొరకిన ఆ రాయి మన మరకతము వలె ఐశ్వర్యచిహ్నము. అది ప్రధానముగా ప్రభువుల సొత్తు.

ఉప్పు ఇంకను గట్టి సాక్షి. మాంసము తక్కువగా తిని మొక్కజొన్నపై బ్రతుకువారికి, వేడిదేశమున చెమటోడ్చువారికి, ఉప్పు విడువరానిది. మనిషికి దినమునకు ఎనిమిది గ్రాములు చొప్పున లెక్కించినను యాబదివేల మంది గల నగరమునకు ఏటేట 146 టన్నుల ఉప్పు కావలెను. తికాల్ వంటి నగరములు సముద్రమునకు బహుదూరము. యుకటాన్ ఉత్తర తీరమున ఎండకు ఆరు ఉప్పుమడులు ప్రాచీనకాలము నుండి ప్రసిద్ధములు. బెలీజ్ దక్షిణతీరమున పేన్స్ క్రీక్ అను చోట ఉప్పునీటిని మట్టికుండలలో కాచి ఉప్పు తీసిన పాకల కొయ్యగుంజలు సముద్రజలముల క్రింది బురదలో చెడకుండ నిలిచియుండుటను 2004లో హెదర్ మెక్కిలప్ బృందము కనుగొనెను. ఒక కొయ్యతెడ్డు కూడ అచటనే దొరికెను. ఇన్ని టన్నుల ఉప్పును రాజులు కానుకలుగా పంచిరనుట ఎవ్వరికి నమ్మశక్యము?

ఈ బరువులన్నియు మనుష్యుల వీపులపై నడచినవే. ఎద్దు లేదు, గుర్రము లేదు, బండి లేదు. మన కావడి వలె భుజముపై గాక, మూటకు కట్టిన పట్టీని నుదుటికి తగిలించుకొని వంగి నడచువారు ఆ కూలీలు. నది గాని సముద్రము గాని దొరకినచోట దోనె వారి భారమును తగ్గించెను. వర్తకమార్గములు ఎక్కువగా నీటి వెంట నేల సాగినవో దీనివలన తెలియును.

ఇక మాటల సాక్ష్యము. స్పెయిన్ మతగురువులు కూర్చిన యుకటెక్ నిఘంటువులలో సంతకును ఊరి నడుమ మైదానమునకును 'కివిక్' అను ఒకే పదము కలదు. అమ్ముటకు 'కోన్', కొనుటకు 'మాన్' అను దేశ్యధాతువులు కలవు. వర్తకుడు 'పోలోమ్', ఊరూర తిరుగు వర్తకునకు అడుగు అను అర్థము గల 'ఓక్' పదము చేర్చిన మాట వేరుగ నున్నది. క్రయవిక్రయములకు, స్థిరవర్తకునకు, సంచారవర్తకునకు వేర్వేరు సొంతమాటలు గల భాష స్పానిష్ వారి వలన వర్తకము నేర్చినదనుట పొసగదు.

శాసనకాలపు మాటలలో ప్రసిద్ధమైనది 'కకావ్', అనగా కోకో. 1984లో గ్వాటెమాలాలోని రియో అజూల్ సమాధిలో బిగించు మూత గల ఒక మట్టిపాత్ర దొరికెను. దానిపై నున్న గుర్తులలో ఈ మాటను డేవిడ్ స్టువర్ట్ చదివెను. పాత్రలోని మడ్డిని రసాయనశాలలో పరీక్షింపగా కోకో ద్రవ్యములే బయటపడినవి. చదివిన చదువును పాత్ర అడుగు ధ్రువపరచిన ఇట్టి అదృష్టము లిపి పరిశోధకులకు అరుదు. వ్రాతతీరు మనకు ఆసక్తికరము. క-క-వ అని మూడు అక్షరములు వ్రాసి కకావ్ అని చదువవలెను. మన పొల్లు వంటి గుర్తు వారికి లేదు. చివరి హల్లును చూపుటకు అచ్చుతో కూడిన అక్షరమునే వ్రాసి, ఆ అచ్చును పలుకక విడుతురు. మాట పుట్టుకపై వివాదము తీరలేదు. ఇది మిహె-సోకె భాషల నుండి మాయాలోనికి వచ్చిన ఎరువుమాట యని 1976లో కాంప్‌బెల్, కాఫ్‌మన్ ప్రతిపాదించిరి. నవా భాషలలో పుట్టినదని 2000లో డాకిన్, విక్మన్ వాదించిరి. ఎటు చూచినను సరకుతో పాటు మాట కూడ ఎల్లలు దాటినదన్నది స్పష్టము. స్పానిష్, ఇంగ్లీషుల మీదుగ ఆ మాటయే 'కోకో' యై, నేడు గోదావరి జిల్లాల కొబ్బరితోటలలో అంతరపంటగా పెరుగు చెట్టునకు పేరైనది.

బోనాంపాక్ కుడ్యచిత్రములలో సింహాసనమునకు చెంత నున్న ఒక మూటపై 'ఐదు పిక్‌ల కకావ్' అని వ్రాసియున్నది. వారి లెక్క ఇరువదుల లెక్క; పిక్ అనగా ఎనిమిదివేలు. నలువదివేల గింజలన్న మాట. చిత్రములు 791 ప్రాంతపువి. అయిన ఇది కప్పము, సంత కాదు. 'కప్పము మాత్రమే' యను పాత సిద్ధాంతమును ఈ మూట బలపరచునే గాని కదలింపదు.

దానిని కదలించినది కలాక్‌ముల్ గోడ. మెక్సికోలోని కంపేచే రాష్ట్రమున నున్న ఈ మహానగరములో చిక్ నాబ్ అను ఆవరణపు ఒక చిన్న పిరమిడు గోడలపై, తరువాతి కట్టడముల క్రింద కప్పబడి, ఏడవ శతాబ్దిపు రంగుచిత్రములు 2004లో బయటపడినవి. 2009లో సవివరముగా ప్రకటింపబడినవి. అందు రాజు లేడు, బందీ లేడు, దేవుడు లేడు. ఆడవారు, మగవారు, వెడల్పు అంచు టోపీలు, కుండలు, బుట్టలు. ఒకరు వడ్డించుచున్నారు, ఒకరు త్రాగుచున్నారు. నీలపు పలుచని వస్త్రము కట్టిన ఒక స్త్రీ మరియొకతె తలపైకి కుండ నెత్తుచున్నది. ప్రక్కన చిన్న వ్రాతలు: 'అహ్ ఉల్', 'అహ్ వాహ్', 'అహ్ మాయ్', 'అహ్ అత్సామ్', 'అహ్ ఇషిమ్'. ఉల్ అనగా మొక్కజొన్న జావ, వాహ్ అనగా ఆకులో చుట్టి ఆవిరిపై ఉడికించిన మొక్కజొన్న కుడుము, మాయ్ పొగాకు, అత్సామ్ ఉప్పు, ఇషిమ్ మొక్కజొన్న గింజలు.

ఈ 'అహ్' అను ఉపసర్గ యందే మన శాఖవారికి పని యున్నది. నామమునకు ముందు చేరి, ఆ వస్తువుతో సంబంధము గల వ్యక్తిని ఇది తెలుపును. తెలుగున నామమునకు తరువాత చేరు 'వాడు' చేయు పనియు నిదియే: పాలవాడు, గాజులవాడు, ఉప్పువాడు. ఉప్పువాడు ఉప్పు పండించువాడా, మోయువాడా, అమ్మువాడా? మాట చెప్పదు, సందర్భము చెప్పును. వీథిలో కేక విన్నపుడు మనకు సందేహము రాదు. కలాక్‌ముల్ వ్రాతలకును అంతే. పండుగ భోజనములో వడ్డించువారి చిత్రములని వాదించుటకు వీలున్నది. కాని విందులో గింజలవాడు, ఉప్పువాడు వేర్వేరుగ కూర్చుండుటకు కారణము చెప్పుట కష్టము. సైమన్ మార్టిన్ మొదలగువారు దీనిని సంతగా గ్రహించుటయే నాకు సమంజసముగ తోచుచున్నది. ఆ ఆవరణములో వరుసలు తీరిన చిన్న కట్టడములు కలవనుట ఆ అర్థమునకే అనుకూలము.

మన్ను కూడ సాక్ష్యమిచ్చినది. యుకటాన్ వాయవ్యమున చుంచుక్‌మిల్ అను నగరము చుట్టునున్న నేల బహు నిస్సారము. అయినను అచట పెద్ద జనసంఖ్య నివసించెను. ఆ నగర మధ్యమున నున్న ఒక బయలులో మట్టిని గళ్ళు గళ్ళుగా తీసి పరీక్షించిన బ్రూస్ డాలిన్ బృందము, తిండిపదార్థములు కుళ్ళి భూమిలో మిగిల్చు భాస్వరము కొన్ని వరుసలలో అధికముగ నుండుటను 2007లో ప్రకటించెను. గ్వాటెమాలాలో నేటికిని సాగు సంత నేలయందు అట్టి పోలికయే కనబడెను.

ఎల్ సాల్వడార్‌లో హోయా దె సెరెన్ అను పల్లె సుమారు పదునాలుగు వందల ఏండ్ల క్రిందట అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయి, 1976లో బయటపడెను. అది రాజులు లేని ఊరు. మట్టిగోడల ఇండ్లు, గడ్డికప్పులు. అట్టి ఇండ్లలోను దూరమున చేసిన రంగుపాత్రలు, చూరులో పిల్లల చేతికందకుండ దాచిన గాజురాతి కత్తులు, జేడ్ గొడ్డలి దొరికినవి. తమ యింట మిగిలినదానిని ఇచ్చి ఈ వస్తువులను ఆ రైతులే యేదో ఒక అంగడిలో ఏరుకొనిరని అచట త్రవ్వకములు జరిపిన పేసన్ షీట్స్ అభిప్రాయము.

ఈ సంతలపై రాజునకెంత అధికారముండెను, సుంకమెవరు వసూలు చేసిరి అను విషయములపై పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు. కలాక్‌ముల్‌లో సంతను చిత్రించినది నగర నడిబొడ్డున, రాజుల కట్టడముల నడుమ. కనుక రాజు దానిని ఎరుగనివాడు కాడు. అయినను రాజశాసనములు దానిని గూర్చి పలుకలేదు. ఆ గోడ మీది ఉప్పువాని పేరు వ్రాయలేదు, వెల వ్రాయలేదు. వాని యెదుట బుట్టయు, ప్రక్కన 'అహ్ అత్సామ్' అను వ్రాతయు మాత్రమే కలవు.